ఏడేళ్ళు అమెరికాలో ఉండి వచ్చి, లీడ్స్‌లో ఇంగ్లీష్ అర్థంకాక తల పట్టుకున్నా. మీకూ ఇలా అయిందా?

తెనాలి కుర్రాడు (లీడ్స్)

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదవడమే తప్ప ఎప్పుడూ రాయలేదు. ఈసారి కడుపులో ఉన్నది కక్కకపోతే నిద్ర పట్టేలా లేదు.

డల్లాస్‌లో ఏడేళ్ళు ఉద్యోగం చేసి, మొన్న జనవరిలో లీడ్స్ వచ్చాను. వచ్చేముందు వీసా గురించి, అద్దె గురించి, చలి గురించి టెన్షన్ పడ్డానే తప్ప భాష గురించి ఒక్క క్షణం ఆలోచించలేదు. ఇంగ్లీషే కదా, ఏముందిలే అనుకున్నా.

మూడో నెలలో ఒక డిజైన్ డాక్యుమెంట్ రాసి మా మేనేజర్‌కి పంపాను. ఆవిడ జవాబు రెండే ముక్కలు. "క్వైట్ గుడ్. యూ మైట్ వాంట్ టు హావ్ అనదర్ లుక్ ఎట్ సెక్షన్ త్రీ." డల్లాస్‌లో 'క్వైట్ గుడ్' అంటే చాలా బాగుందని. 'మైట్ వాంట్ టు' అంటే ఓపికుంటే చూడు, లేకపోతే లేదు అని. నాకు ఓపిక లేదు, చూడలేదు. పైగా ఆ సాయంత్రం మా ఆవిడతో "మేనేజర్ ఫుల్ ఖుష్" అని చెప్పి బిర్యానీ తెప్పించా.

రెండు వారాల తర్వాత ఎదురుగా కూర్చోబెట్టి, మొహంలో నవ్వు చెదరకుండా, "ఐ వజ్ ఎ లిటిల్ డిసప్పాయింటెడ్" అంది. మూడో సెక్షన్ మొత్తం తిరగరాయమని చెప్పినా నేను పట్టించుకోలేదట. ఎప్పుడు చెప్పిందో నాకు తెలీదు! ఆ మెయిల్ తీసి మా టీంలోని లోకల్ అబ్బాయికి చూపించా. వాడు ఒక్కసారి చదివి, జాలిగా నా వైపు చూసి, "ఆవిడకి అస్సలు నచ్చలేదు కదా ఇది" అన్నాడు.

ఒక ఇంగ్లీష్ దేశం నుంచి ఇంకో ఇంగ్లీష్ దేశానికి వెళ్ళినవాళ్ళు మీ అనుభవాలు చెప్పండి. లిఫ్ట్, ఎలివేటర్ లిస్టులు మాత్రం వద్దు, అవి నాకూ తెలుసు. తెలిసిన మాటే మనల్ని ముంచిన సంగతులు కావాలి.

గోంగూర బాబు (న్యూజెర్సీ)

బ్రో, 'బిర్యానీ తెప్పించా' దగ్గర తాగుతున్న కాఫీ మీద పోసుకున్నా. ఇక్కడైతే మెయిల్ మొదట్లో 'ఆసమ్ జాబ్' అని ఉంటుంది, కింద నాలుగు పేరాల తిట్లు ఉంటాయి. కనీసం తిట్లు కంటికి కనబడతాయి.

కంగారూ కోడలు (అడిలైడ్)

తమ్ముడూ, నీ పరువు మెయిల్‌తో పోయింది, నాది పదిమంది ముందు పోయింది.

2016లో పెళ్ళయి కొత్తగా ఆస్ట్రేలియా వచ్చాను. మావారి ఆఫీసులో ఒకావిడ ఇంట్లో బార్బెక్యూ. ఫోన్లో "జస్ట్ బ్రింగ్ ఎ ప్లేట్" అంది. పాపం వాళ్ళింట్లో ప్లేట్లు సరిపోవేమో అనుకున్నా. మన ఇళ్ళల్లో ఫంక్షన్ అంటే పక్కింటి గిన్నెలు, గరిటెలు తెచ్చుకోమూ? మా అమ్మ సారె పెట్టిన స్టీలు కంచాలు ఆరు తోమి, తుడిచి, తువ్వాల్లో చుట్టి పట్టుకెళ్ళా. వెనకాల మా అమ్మమ్మ పేరు, 1968 అని చెక్కించి ఉంటుంది. అక్కడికెళ్తే ఒకళ్ళ చేతిలో సలాడు, ఒకళ్ళ చేతిలో కేకు. ప్లేటు తెమ్మంటే ప్లేటు నిండా ఏదైనా వండి తెమ్మనట! ఆ ఇల్లాలు మంచిది. నవ్వకుండా కంచాలు అందుకుని, అందరికీ వాటిల్లోనే వడ్డించింది. ఇప్పటికీ కనబడితే "ఆ స్టీలు ప్లేట్లు భలే ఉంటాయి" అంటుంది. పొగుడుతోందో, గుర్తుచేస్తోందో తెలీదు.

ఇంకోటి. దుప్పట్లు, తలగడ గలీబులు కొందామని పెద్ద షాపుకెళ్తే ఎక్కడా కనబడవు. 'మాంచెస్టర్' అని ఒక బోర్డు ఉంది. ఫుట్‌బాల్ సామాన్లేమో అని రెండుసార్లు దాటిపోయా. దుప్పట్లన్నీ అందులోనే! ఒకప్పుడు నూలు బట్ట అంతా ఇంగ్లండ్‌లోని మాంచెస్టర్ నుంచి ఓడల్లో దిగేదట. మనం "పోచంపల్లి కట్టుకున్నా" అన్నట్టే ఊరిపేరు సరుకుపేరైపోయింది. తమాషా ఏమిటంటే, ఈ వాడుక ఇంగ్లండ్ వాళ్ళకే తెలీదు.

ఇక్కడ 'సర్' అంటే ఎదుటివాడే ఇబ్బంది పడతాడు. 2005లో కాన్‌బెర్రా పార్లమెంటు భవనంలో సెక్యూరిటీ వాళ్ళు వచ్చేవాళ్ళని 'మేట్' (నేస్తం) అని పిలవకూడదని ఆర్డరు వేస్తే దేశమంతా గోల గోల. వెంటనే వెనక్కి తీసుకున్నారు. మావారైతే టాక్సీ ఎక్కినా డ్రైవర్ పక్క సీట్లోనే కూర్చుంటారు. ఒక్కడే ఎక్కి వెనక కూర్చుంటే జమీందారులా అనిపిస్తుందని ఇక్కడి పాతకాలం వాళ్ళ అలవాటు, ఈయనకీ పట్టుకుంది. విజయవాడ వెళ్ళినప్పుడు ఆటోలో కూడా ముందు కూర్చోబోయారు.

లెక్చరర్ మాస్టారు (రాజమహేంద్రవరం)

తెనాలి బాబూ, 33 ఏళ్ళు డిగ్రీ పిల్లలకి ఇంగ్లీష్ చెప్పాను. ఇంగ్లండ్ గడప మాత్రం తొక్కలేదు. అయినా నీకు జరిగింది చదివితే ఒక యుద్ధం గుర్తొచ్చింది.

1951 ఏప్రిల్, కొరియా. ఇమ్జిన్ నది దగ్గర బ్రిటిష్ బ్రిగేడ్ మీద చైనా సేనలు విరుచుకుపడ్డాయి. వీళ్ళ పై అధికారి అమెరికన్ జనరల్. అక్కడెలా ఉందని ఆయన అడిగితే బ్రిటిష్ బ్రిగేడియర్ పరిస్థితి 'కొంచెం స్టికీ'గా ఉందన్నాడు. ఇంగ్లీషువాడి నోట ఆ మాట వచ్చిందంటే కొంప మునిగిందని లెక్క. అమెరికన్ చెవికి మాత్రం "కాస్త ఇబ్బందే గానీ తట్టుకుంటున్నాం" అని వినబడింది. గ్లౌస్టర్‌షైర్ రెజిమెంట్ వాళ్ళు గుట్ట మీద చిక్కుపడిపోయారు, 500 మందికి పైగా బందీలయ్యారు. యుద్ధంలో ఒక్క మాట వల్లే అంతా జరగదనుకో. కానీ ఆ మాట మాత్రం చరిత్రలో మిగిలిపోయింది.

'టేబుల్' సంగతి ఇంకా విచిత్రం. లండన్‌లో ఒక విషయాన్ని టేబుల్ చేద్దామంటే ఇప్పుడే చర్చకి పెడదామని. వాషింగ్టన్‌లో అదే మాటకి పక్కన పెట్టేద్దామని. రెండో ప్రపంచ యుద్ధంలో రెండు దేశాల అధికారులు దీని మీద చాలాసేపు కొట్లాడుకున్నారనీ, ఇద్దరూ కోరుకున్నది ఒకటేననీ చర్చిల్ తన యుద్ధ చరిత్రలో రాసుకున్నాడు.

నువ్వు తప్పుపట్టుకోవాల్సింది ఏమీ లేదు. మన పెళ్ళిచూపుల్లో మగపెళ్ళివారు "ఇంటికెళ్ళి కబురు చేస్తాం" అంటే ఆడపిల్ల తండ్రికి ఏం అర్థమవుతుంది? నిఘంటువు పట్టుకుని వచ్చిన విదేశీయుడైతే ఫోన్ పక్కనే కూర్చుంటాడు.

తెనాలి కుర్రాడు (లీడ్స్)

మాస్టారూ, దండం. నేను ఫోన్ పక్కన కూర్చున్న బాపతే. కంగారూ అక్కా, ఆ కంచాలు ఫోటో పెట్టాలి.

చార్మినార్ చాయ్ (హైదరాబాద్)

ఇంత చర్చ ఎందుకన్నా? అసలు ఇంగ్లీష్ అంటే బ్రిటిష్ వాళ్ళది. అమెరికా వాళ్ళు దాన్ని ఖరాబ్ చేసిన్రు. సాకర్ అంట, ఫాల్ అంట, ఆర్‌ని నాలిక మడతేసి తిప్పుడంట. ఒరిజినల్ నేర్చుకుంటే అన్నీ సెట్ అయితయ్.

లెక్చరర్ మాస్టారు (రాజమహేంద్రవరం)

నాయనా చార్మినార్, నువ్వు చెప్పిన మూడూ ఇంగ్లండ్ నుంచే వెళ్ళాయి.

సాకర్ అన్నది 19వ శతాబ్దం చివర్లో ఇంగ్లండ్ విద్యార్థులు 'అసోసియేషన్ ఫుట్‌బాల్'ని ముద్దుగా కత్తిరించిన మాట. ఆకురాలు కాలాన్ని ఫాల్ అనడం ఇంగ్లండ్‌లోనూ ఉండేది, తర్వాత వదిలేశారు. ఆర్ అక్షరం సంగతికొస్తే, కార్, హార్డ్ లాంటి మాటల్లో దాన్ని పలకడం మానేసింది లండన్ వాళ్ళు, అదీ 18వ శతాబ్దం చివరి నుంచి. అమెరికాలో ఎక్కువమంది పాత పద్ధతే పట్టుకున్నారు. ఇల్లు వదిలి దూరం వెళ్ళినవాళ్ళే పాత సామాను భద్రంగా దాస్తారు. అమెరికాలో 1990ల్లో దిగిన మనవాళ్ళ తెలుగు వినలేదూ?

కావాలని మార్చినవీ లేకపోలేదు. అమెరికా నిఘంటుకారుడు నోవా వెబ్‌స్టర్ 1828లో 70,000 మాటల నిఘంటువు వేసి, 'కలర్'లో యు అక్షరం తీసేశాడు, 'సెంటర్' చివరి అక్షరాలు తారుమారు చేశాడు. దేశం వేరైనప్పుడు స్పెల్లింగూ వేరుగా ఉండాలన్నది ఆయన పట్టుదల. నాలిక అనే మాటకి 'టంగ్'ని విన్నట్టుగా నాలుగక్షరాల్లో రాయమన్నాడు గానీ అది ఎవరూ వినలేదు.

చార్మినార్ చాయ్ (హైదరాబాద్)

సరే మాస్టారూ, సాకర్ వాపస్ తీసుకుంటున్నా. మిగతాది ఆలోచిస్తా.

డబ్లిన్ నర్సమ్మ

నైట్ డ్యూటీ దిగి చదువుతున్నా, నిద్ర ఎగిరిపోయింది. ఐర్లండ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేనే రాస్తా.

నేను కేరళ అమ్మాయిలతో కలిసి 2019లో వచ్చాను. మొదటి వారం వార్డులో సిస్టర్ "ఆ షీట్లు హాట్ ప్రెస్‌లో ఉంటాయి, తీసుకురా" అంది. ఇస్త్రీ చేసే యంత్రమేమో అని భవనమంతా వెతికా. ప్రెస్ అంటే ఇక్కడ అలమర. హాట్ ప్రెస్ అంటే వేడినీళ్ళ ట్యాంకు పక్కన ఉండే వెచ్చటి అలమర. ఇంకోరోజు ఒక పేషెంటు "డాక్టర్ వజ్ గివింగ్ అవుట్ టు మీ" అంది. ఏం ఇచ్చారమ్మా, మందులా అని అడిగా. తిట్టారట.

కానీ నన్ను మా ఊరికి తీసుకెళ్ళిపోయింది వేరే సంగతి. ఇక్కడి పెద్దవాళ్ళింటికి వెళ్తే టీ తాగుతావా అని అడుగుతారు. వెంటనే సరే అనకూడదు. "అబ్బే, వద్దండీ, శ్రమ ఎందుకు" అనాలి. వాళ్ళు మళ్ళీ అడగాలి. మళ్ళీ వద్దనాలి. మూడోసారికి "సరే, కొంచెం" అనాలి. అచ్చం మా ఏలూరు పెద్దమ్మ గారిల్లే! మొహమాటం అనే మాట ఇంగ్లీషులో లేదు గానీ ఐర్లండ్‌లో ఆ మనిషి ఉన్నాడు.

వాళ్ళ పాత ఐరిష్ భాషలో అవును, కాదు అనడానికి విడిగా మాటల్లేవట. అందుకే "వస్తున్నావా?" అంటే ఎస్ అనకుండా "ఐ యామ్" అంటారు, "తిన్నావా?" అంటే "ఐ డిడ్" అంటారు. మనం "వస్తున్నా", "తిన్నా" అన్నట్టే. నా ఇంగ్లీషుకి ఇంటర్‌లో సరిపడా మార్కులు వేయలేదు గానీ ఇక్కడ బాగా కుదిరింది.

ఇంకో చిన్న ముక్క. మనం హెచ్ అక్షరాన్ని 'హెచ్' అంటాం కదా, ఊపిరి బయటికి వదిలి. అమెరికాలో, ఇంగ్లండ్‌లో చాలామంది 'ఎయిచ్' అంటారు. ఐర్లండ్‌లో మనలాగే 'హెయిచ్'. కానీ ఉత్తర ఐర్లండ్‌లో ఇది సరదా సంగతి కాదు. హెయిచ్ అంటే కాథలిక్, ఎయిచ్ అంటే ప్రొటెస్టెంట్ అని ఆనవాలు పట్టేవాళ్ళు. గొడవల రోజుల్లో ఒక్క అక్షరం పలికించి మనిషి ఎటువైపో తెలుసుకునేవాళ్ళట. బెల్‌ఫాస్ట్ నుంచి వచ్చిన మా కొలీగ్ ఈ మాట చెప్పినప్పుడు నవ్వలేదు.

స్నో బాయ్ (టొరంటో)

మాది చిన్న బాధే. వచ్చిన కొత్తలో ఇంటి ఓనరు "హైడ్రో మీరే కట్టుకోవాలి" అన్నాడు. నీళ్ళ బిల్లే కదా, ఎంతొస్తుందిలే అని సంతకం పెట్టేశా. చలికాలం కరెంటు హీటర్ పెట్టుకున్నాక వచ్చింది చూడండి బిల్లు! ఇక్కడ హైడ్రో అంటే కరెంటు. నయాగరా జలపాతం నుంచి తీసిన జలవిద్యుత్తుతో అలవాటైన మాట. 1906లో పెట్టిన ప్రభుత్వ విద్యుత్ సంస్థ పేరులోనే అది ఉండేది.

కెనడా వాళ్ళు ఊరికే సారీ చెప్తారని జోకులేస్తారు కదా. అది ఎంత నిజమంటే, సారీ అన్నంత మాత్రాన తప్పు ఒప్పుకున్నట్టు కోర్టులో లెక్కకట్టకూడదని ఒంటారియోలో 2009లో చట్టమే చేశారు. నా కాలు వాళ్ళు తొక్కినా సారీ, వాళ్ళ కాలు నేను తొక్కినా వాళ్ళే సారీ.

స్పెల్లింగుల్లో మాత్రం ఎటూ కానివాళ్ళం. కలర్‌లో యు ఉంటుంది బ్రిటిష్‌లాగా, కారు టైరుకి ఐ ఉంటుంది అమెరికాలాగా. బయట చలి సెల్సియస్‌లో, ఓవెన్ ఫారెన్‌హీట్‌లో, మనిషి ఎత్తు అడుగుల్లో.

ఫార్మా బాబాయ్ (లాగోస్)

ఇంగ్లీష్ దేశాలు అనగానే అందరూ తెల్లవాళ్ళ దేశాలే రాస్తున్నారు. నైజీరియా, ఘనా ఏమయ్యాయి? ఇక్కడా బళ్ళో, కోర్టులో, ఆఫీసులో ఇంగ్లీషే. మందుల కంపెనీ పనిమీద ఘనాలోని అక్రాలో మూడేళ్ళు, నైజీరియాలోని లాగోస్‌లో ఆరేళ్ళు ఉన్నాను. నా మాట నమ్మండి, మన తెలుగువాడికి ఇంగ్లండ్ ఇంగ్లీష్ కంటే ఇక్కడి ఇంగ్లీషే దగ్గర చుట్టం.

అక్రా ఆఫీసులో మొదటి రోజు. స్టోర్ కీపర్ నాతో మాట్లాడుతూ మాట్లాడుతూ లేచి, "ఐ యామ్ కమింగ్" అని గుమ్మం దాటి వెళ్ళిపోయాడు! నా పక్కన ఢిల్లీ నుంచి వచ్చిన సార్ తెల్లమొహం వేశాడు. నాకు మాత్రం ఒక్క క్షణంలో వెలిగింది. మనం ఎవరింటి నుంచైనా బయల్దేరేటప్పుడు "వెళ్తాను" అంటామా? "వస్తానండీ" అనే కదా అంటాం. ఇతనిదీ అంతే, ఇప్పుడే వచ్చేస్తానని.

మధ్యాహ్నం భోజనాల గదిలోకి వెళ్తే తింటున్న ప్రతివాడూ "యూ ఆర్ ఇన్వైటెడ్" అంటాడు. మొదటిరోజు నిజంగానే ఒకాయన పక్కన కూర్చోబోయా. అది "రండి, భోంచేద్దాం" లాంటిదన్నమాట. మనం అన్నం ముందు కూర్చున్నప్పుడు ఎవరొచ్చినా అంటాం కదా. నిజంగా వచ్చి కూర్చుంటే కూర సరిపోతుందా అని లోపల లెక్క వేసుకుంటాం.

నైజీరియాలో నువ్వు మెట్టు తట్టుకుని పడబోతే దారిన పోయేవాడు "సారీ" అంటాడు. వాడేం చేశాడని? మన "అయ్యో!" అది. పని చేసుకుంటున్న మనిషి పక్కనుంచి వెళ్తూ "వెల్ డన్" అంటారు. పని బాగా చేశావని కాదు, పలకరింపు అంతే. అన్నిటికంటే నాకు నచ్చింది 'నెక్స్ట్ టుమారో'. అంటే ఎల్లుండి! ఇంగ్లీషువాడు దీనికి 'ద డే ఆఫ్టర్ టుమారో' అని నాలుగు మాటలు ఖర్చుపెడతాడు. 2020 జనవరిలో ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ వాళ్ళు నైజీరియా మాటలు 29 చేర్చుకున్నప్పుడు ఇదీ అందులో ఉంది. అవతలెల్లుండికి ఏమంటారని మా డ్రైవర్‌ని అడిగా. "అంత దూరం ఎందుకు సార్, దేవుడున్నాడు" అన్నాడు.

కంగారూ కోడలు (అడిలైడ్)

బాబాయ్ గారూ, "కూర సరిపోతుందా అని లెక్క" అన్నది మా అత్తగారికి చదివి వినిపించా. ఆవిడ నవ్వలేదు.

బైక్ బద్రి (జోహన్నెస్‌బర్గ్)

దక్షిణాఫ్రికా తరఫున నేను. ఇక్కడ 'జస్ట్ నౌ' అంటే ఇప్పుడే కాదు. ఇంకాసేపట్లో, సాయంత్రం, కుదిరితే రేపు. త్వరగా కావాలంటే 'నౌ నౌ' అనాలి. ప్లంబర్ "జస్ట్ నౌ వస్తా" అన్నాడని ఆఫీసుకి సెలవు పెట్టి రోజంతా ఇంట్లో కూర్చున్నా. దారి అడిగితే "రెండో రోబో దగ్గర ఎడమకి తిరుగు" అంటారు. ట్రాఫిక్ సిగ్నల్‌ని రోబో అంటారు, ఒకప్పుడు పోలీసాయన బదులు నిలబెట్టిన యంత్రం కాబట్టి.

కూరగాయల కొట్లో వంకాయని ఇక్కడా 'బ్రింజాల్' అనే అంటారు, మన దగ్గరలాగే. దానికి కారణం మనవాళ్ళే అనుకుంటే గర్వంగా ఉంటుంది. 1860 నవంబర్‌లో ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాత వచ్చిన ఓడల్లో తెలుగువాళ్ళూ చాలామంది ఉన్నారు. 1931 నుంచి అక్కడ ఆంధ్ర మహాసభ ఉంది. డర్బన్‌లో ఒక పెద్దావిడని కలిశా, ఇంటిపేరు మనది, మాట ఇంగ్లీష్, పాట తెలుగు. ఉగాది పచ్చడి పెట్టి "ఈట్, మా" అంది. ఆ 'మా' వినగానే గొంతు పట్టేసింది.

కరీంనగర్ కోయిల (హైదరాబాద్)

నేను కాల్ సెంటర్‌ల నాలుగేళ్ళు చేసిన. మొదట అమెరికా ప్రాసెస్, తర్వాత ఆస్ట్రేలియా ప్రాసెస్. ట్రైనింగ్‌ల ఇంగ్లీష్ ఆఖరి అక్షరాన్ని అమెరికాకి 'జీ' అనాలె, ఆస్ట్రేలియాకి 'జెడ్' అనాలె అని నూరిపోసిన్రు. రాత్రి 2 గంటలకి ఎవరి జీనో ఎవరి జెడ్‌దో ఏం యాదికుంటది? ఒక అమెరికా పెద్దాయనకి ఈ-మెయిల్ స్పెల్లింగ్ 'జెడ్' అని చదివితే, ఆయన జెడ్, ఈ, డీ అని మూడక్షరాలు రాసుకున్నడు. ఆ మెయిల్ ఏ లోకానికి పోయిందో.

తేదీలైతే ఇంకా గండం. 4/7 అంటే అమెరికాల ఏప్రిల్ 7, మిగతా చాలామందికి జూలై 4. ఇప్పటికీ నేను నెల పేరు అక్షరాల్లనే రాస్త.

కానీ ఎక్కువ నవ్వులపాలైంది మన ఇంగ్లీషే. మా టీం లీడ్ ఒక అమెరికా ఆవిడతోని "ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2014" అన్నడు. డిగ్రీ అయిపోయిందని ఈయన భావం. స్పృహ తప్పిపడిపోయిండని ఆవిడ కంగారు. "ఆర్ యూ ఓకే నౌ?" అని అడిగింది.

చార్మినార్ చాయ్ (హైదరాబాద్)

అందుకే అంటున్నా, మనవాళ్ళది తప్పుల ఇంగ్లీష్. ప్రీపోన్, కో-బ్రదర్, డూ ద నీడ్‌ఫుల్, ఇవన్నీ బంద్ చెయ్యాలె.

కరీంనగర్ కోయిల (హైదరాబాద్)

నైజీరియా వాళ్ళ 'నెక్స్ట్ టుమారో' డిక్షనరీల ఉంటే ముద్దు, మన 'ప్రీపోన్' అంటే సిగ్గా? అది కూడా డిక్షనరీల ఎక్కింది అన్నా. తోడల్లుడికి ఇంగ్లీష్‌ల ఒక్క మాట చెప్పు చూద్దాం. లేదు. అవసరమైంది, కో-బ్రదర్ అని చేసుకున్నం.

లెక్చరర్ మాస్టారు (రాజమహేంద్రవరం)

కోయిలమ్మ పక్షమే నాది. 'స్టెప్నీ' అంటాం చూశారూ, కారు వెనకాల ఉండే స్పేర్ చక్రాన్ని. మన మెకానిక్కులు పుట్టించిన మాటనుకుంటారు. వేల్స్‌లో లనెత్లీ అనే ఊళ్ళో స్టెప్నీ స్ట్రీట్ ఉంది. 1904 ప్రాంతంలో అక్కడ ఇద్దరు అన్నదమ్ములు స్పేర్ చక్రం తయారుచేసి ఆ వీధి పేరే పెట్టి అమ్మారు. ఇంగ్లండ్‌లో ఆ మాట ఎప్పుడో పోయింది, మన తణుకు షెడ్డులో బతికే ఉంది. ఇక ఎవరు ఎవరి ఇంగ్లీష్ పాడుచేశారంటాం?

ఒక్క మాట విషయంలో మాత్రం జాగ్రత్త. పెళ్ళి ప్రకటనల్లో 'హోమ్లీ గర్ల్' అని వేస్తారు. ఇంగ్లండ్‌లో హోమ్లీ అంటే ఇంటి వాతావరణంలా హాయిగా ఉండేది. అమెరికాలో అందం లేని మనిషి. అమెరికా సంబంధం కోసం ఆ మాట వాడి మా మేనకోడలు ఫోటో పంపారు మా బావగారు. అక్కడే పుట్టి పెరిగిన పెళ్ళికొడుకు "ఎందుకిలా రాశారు, అమ్మాయి బాగానే ఉందిగా" అన్నాడట. ఆ సంబంధమే కుదిరిందనుకోండి.

చార్మినార్ చాయ్ (హైదరాబాద్)

మాస్టారు గారు నన్ను రెండుసార్లు క్లీన్ బౌల్డ్ చేసిన్రు. ఇగ వింట.

తెనాలి కుర్రాడు (లీడ్స్)

అందరికీ థాంక్స్. మూడు వారాల తర్వాత మళ్ళీ వస్తున్నా, అప్‌డేట్ ఉంది.

మూడో సెక్షన్ మొదటినుంచి తిరగరాసి పంపాను. జవాబు: "నాట్ బ్యాడ్ ఎట్ ఆల్." గుండె జారిపోయింది. ఈసారి బిర్యానీ తెప్పించలేదు, ముందు లోకల్ అబ్బాయి దగ్గరికి పరిగెత్తా. వాడు చూసి లేచి నిలబడి చేయి కలిపాడు. ఆవిడ నోట అంతకంటే పెద్ద పొగడ్త రాదట!

ఇప్పుడు కొత్త చిక్కు. నిన్న ఆవిడ వెళ్తూ వెళ్తూ, "మీ ఆవిడని తీసుకుని ఒకసారి టీకి రండి" అంది. ఇది నిజం పిలుపా, లేక బాబాయ్ గారి 'యూ ఆర్ ఇన్వైటెడ్' బాపతా? డల్లాస్‌లో "ఎప్పుడైనా లంచ్‌కి కలుద్దాం" అన్నవాళ్ళు ఏడేళ్ళలో ఎవరూ కలవలేదు.

గోంగూర బాబు (న్యూజెర్సీ)

తేదీ చెప్పిందా? తేదీ లేకపోతే అది గాలి మాట.

తెనాలి కుర్రాడు (లీడ్స్)

ఇందాకే మెసేజ్ వచ్చింది. "థర్స్‌డే, హాఫ్ సిక్స్?" అని. అంటే అయిదున్నరా, ఆరున్నరా?

లెక్చరర్ మాస్టారు (రాజమహేంద్రవరం)

ఆరున్నర. 'హాఫ్ పాస్ట్'లో పాస్ట్ మింగేస్తారు. తేదీ, టైము ఉన్నాయి కాబట్టి నిజం పిలుపే. శుభం.

డబ్లిన్ నర్సమ్మ

తమ్ముడూ, అక్కడ నా ఐర్లండ్ పద్ధతి చూపించకు. ఇంగ్లండ్‌లో ఒకసారి వద్దంటే వద్దనే అనుకుంటారు, రెండోసారి అడగరు. మొదటిసారే సరే అను.

కంగారూ కోడలు (అడిలైడ్)

ఉత్త చేతులతో వెళ్ళకు. పులిహోర తీసుకెళ్ళు. ప్లేటులో పెట్టి.

తెనాలి కుర్రాడు (లీడ్స్)

పులిహోర ఎందుకక్కా, టీకే కదా, బిస్కెట్లు చాలు. ఆరుగంటలకి ఇంట్లో ఇద్దరం కడుపునిండా అన్నం తినేసి వెళ్తాం, అక్కడ ఒక కప్పు టీ తాగి వచ్చేస్తాం.

డబ్లిన్ నర్సమ్మ

ఆగు ఆగు, అన్నం తినకండి! ఉత్తర ఇంగ్లండ్‌లో సాయంత్రం టీ అంటే రాత్రి భోజనం!

తెనాలి కుర్రాడు (లీడ్స్)

అక్కా, ఇవాళ గురువారమే. ఇప్పుడే తిని చెయ్యి కడుక్కున్నా.